పాత సర్వర్ మార్చాలంటే: కాంటా ఆగకుండా, బిల్లు ఆగకుండా

చాలామంది ఈ పనిని కొటేషన్‌తో మొదలుపెడతారు. హన్మకొండలో రెండు మూడు షాపులకు ఫోన్ చేసి కొత్త సర్వర్ ఎంతకు వస్తుందని అడుగుతారు. బేరం కుదిరాక డబ్బా దిగుతుంది. దానిమీద ఏం పెట్టాలన్న ఆలోచన ఆ తర్వాత మొదలవుతుంది. నేనూ అలాగే చేసేవాణ్ని, వరంగల్ శివారులోని ఒక జిన్నింగ్ మిల్లులో దెబ్బ తినేదాకా.

అక్కడిది పదేళ్ల నాటి సర్వర్. శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం రాత్రికల్లా ట్యాలీ, బిల్లింగ్, ఫైళ్లు అన్నీ కొత్తదాని మీదికి ఎక్కించాం. ఆఫీసులో ప్రతి సిస్టమ్ మీదా బిల్లు కొట్టి చూశాం, బాగానే వచ్చింది. సోమవారం పొద్దున ఆరింటికి కాంటా దగ్గరి అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, బరువు చూపెడుతుంది గానీ చిట్టీ వస్తలేదు." గేటు బయట పత్తి బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. ఎవరో ఎప్పుడో రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం ఒకటి పాత సర్వర్‌లో ఐదు నిమిషాలకోసారి దానంతట అదే నడిచేది. కాంటా గది నుంచి వచ్చే ఫైలును చదివి బిల్లింగ్‌లో వేయడం దాని పని. ఆ సంగతి సేటుకు తెలియదు, గుమాస్తాకు తెలియదు, నాకసలే తెలియదు. మధ్యాహ్నం దాకా చిట్టీలు చేత్తో రాశారు.

పైగా అది నవంబరు. పత్తి సీజన్ నడిమధ్యలో సర్వర్‌ను ముట్టుకోవడం నేను చేసిన రెండో తప్పు.

ఐదు నుంచి యాభై సిస్టమ్‌లు ఉన్న మిల్లులు, అడ్తి దుకాణాలు, హోల్‌సేల్ షాపులు, నర్సింగ్ హోమ్‌లు, కాలేజీలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎక్కువచోట్ల కనిపించేది విండోస్ సర్వరే కాబట్టి దాని గురించే ఎక్కువగా చెప్తాను.

ముందు మీ సర్వర్ వయసు తేల్చుకోండి

సర్వర్ స్క్రీన్ ముందు కూర్చుని స్టార్ట్ పక్కన రన్ తెరిచి విన్‌వర్ (winver) అని కొడితే వెర్షన్ కనిపిస్తుంది. విండోస్ సర్వర్ 2008, 2008 ఆర్2 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ (విడిగా డబ్బు కట్టకుండా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు) 2020 జనవరి 14తో ఆగింది. 2012, 2012 ఆర్2లకు 2023 అక్టోబర్ 10తో ఆగింది. డబ్బు కడితే ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఈ 2012 జంటకు 2026 అక్టోబర్ 13 వరకే. 2016కు గడువు 2027 జనవరి 12. 2019కి 2029 జనవరి దాకా, 2022కు 2031 అక్టోబర్ దాకా, 2025కు 2034 దాకా సమయం ఉంది.

సర్వర్ వెర్షన్ చూసి ఊరుకోకండి, లోపల ఉన్న డేటాబేస్ కూడా చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012కు 2022 జూలై 12తో, 2014కు 2024 జూలై 9తో గడువు తీరింది. 2016కు 2026 జూలై 14. లైనక్స్ వాడుతున్నాం కదా, మాకేంటి అనుకునేవాళ్లు ఒకసారి చూసుకోండి, లైనక్స్ రకాల్లో ఒకటైన సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30తోనే ముగిసింది.

గడువు తీరిన మర్నాడు సర్వర్ ఆగిపోదు, అసలు చిక్కంతా అందులోనే ఉంది. "నడుస్తుంది గదా, ఎందుకు కదిలించుడు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. నేను రెండు విషయాలు చెప్తాను. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (దిద్దుబాటు) ఇచ్చింది. ప్యాచ్ వేసుకున్నవాళ్లు తప్పించుకున్నారు, వేసుకోనివాళ్లు, వేసుకునే వీలు లేని పాత వెర్షన్లవాళ్లు ఇరుక్కున్నారు. రెండోది రోజూ కళ్లముందు కనిపించేది. 2012 ఆర్2 మీద క్రోమ్ బ్రౌజర్ 109 దగ్గరే ఆగిపోయింది. ఆ సర్వర్ మీదికి రిమోట్‌గా ఎక్కి జీఎస్‌టీ పోర్టల్, బ్యాంకు సైట్లు తెరిచే అలవాటు ఉన్న ఆఫీసుల్లో ఇవాళ ఒక సైట్, రేపు ఒక సైట్ మొరాయిస్తుంటాయి.

జాబితా: నెల రోజుల పని, తగ్గించకండి

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పట్టాల్సింది ఇదే. నేను ఇప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొని నాలుగు గళ్లు గీస్తాను: ఏ పని, ఎవరు వాడతారు, ఒక రోజు ఆగితే ఏమవుతుంది, దాన్ని పెట్టింది ఎవరో, వాళ్లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారో. నాలుగో గడి సగం చోట్ల ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఉన్నవే ప్రమాదం.

మొదలు డబ్బా వెనక నుంచి పెట్టండి. ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో దానికే ఒక చీటీ అంటించండి. యూఎస్‌బీకి చిన్న డాంగిల్ గుచ్చి ఉంటే అది ఏదో సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కావచ్చు. సీరియల్ కేబుల్ ఉంటే దాని రెండో కొస కాంటా ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) దగ్గర తేలవచ్చు. కొత్త సిస్టమ్‌లలో సీరియల్ పోర్టు ఎక్కువగా ఉండటం లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాలి. పెట్టినప్పుడు కామ్ పోర్టు నంబర్ (విండోస్ ఆ సీరియల్ పోర్టుకు ఇచ్చే నంబర్) మారిపోతుంది, కాంటా సాఫ్ట్‌వేర్ పాత నంబర్ దగ్గరే వెతుక్కుంటూ ఉంటుంది. అందుకే పాతదానిలో పోర్టు నంబర్, బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం), పారిటీ (తప్పులు పట్టే సెట్టింగ్) ఏమున్నాయో ముందే రాసుకుని, కొత్తదానిలో డివైస్ మేనేజర్‌కు పోయి అదే నంబర్ పెట్టాలి.

తర్వాత సర్వర్ లోపలికి. పెట్టిన వేళకు ప్రోగ్రాంలను దానంతట అదే నడిపే టాస్క్ షెడ్యూలర్ తెరిచి ప్రతి టాస్క్ చదవండి, నా పీకల మీదికి తెచ్చింది అక్కడే ఉంది. తెర వెనక నడిచే సర్వీసుల జాబితాలో "లోకల్ సిస్టమ్" లాంటి మామూలు పేర్లతో కాకుండా ఎవరో మనిషి పేరుతో నడిచేవి వెతకండి. మానేసి వెళ్లిన ఉద్యోగి లాగిన్‌తో నడిచే సర్వీసులు చాలాచోట్ల చూశాను. ఓడీబీసీ కనెక్షన్లు (ప్రోగ్రాంలను డేటాబేస్‌కు కలిపేవి) 32 బిట్‌కు వేరు, 64 బిట్‌కు వేరు, రెండు కిటికీలూ తెరిచి చూడాలి. ఎస్‌క్యూఎల్ ఏజెంట్ జాబ్‌లు (డేటాబేస్ వేళకు దానంతట అదే చేసే పనులు) రాసుకోండి. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్ల కింద ఎవరెవరు ఏ ఫైలు తెరిచి ఉన్నారో కనిపిస్తుంది. దాన్ని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, నెలాఖరున ఒకసారి చూడండి. నెలలో ఒక్కరోజే నడిచే జీతాల షీటు మామూలు రోజున కనబడదు. ఏ ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఉండే నంబర్) నుంచి ఏ పోర్టుకు కనెక్షన్ వస్తుందో నెట్‌స్టాట్ అనే కమాండ్ చెప్తుంది. ఎవరిదో తెలియని ఐపీ కనిపిస్తే లేచి వెళ్లి ఆ సిస్టమ్‌ను వెతకండి. ఒకసారి అలా వెతికితే అది గోడమీది వేలిముద్ర హాజరు యంత్రం అని తేలింది.

సర్వర్ చేస్తుందని ఎవరికీ గుర్తులేని పనులు కొన్ని ఉంటాయి. మిగతా సిస్టమ్‌లకు ఐపీ నంబర్లు పంచేది అదే కావచ్చు. పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ కూడా. పాతదాన్ని ఆపాక అన్నీ బాగానే ఉండి, మర్నాడు పొద్దున సిస్టమ్‌లు ఆన్ చేస్తే ఇంటర్నెట్ రాదు, కారణం అది. సీసీ కెమెరాల రికార్డింగ్, యూపీఎస్ షట్‌డౌన్ సాఫ్ట్‌వేర్, జెరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ చేస్తే నేరుగా పడే ఫోల్డర్. ఈ చివరిది ముఖ్యం. పాత జెరాక్స్ మెషీన్లలో చాలావరకు ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిలోనే ఫైలు పంపగలవు. 2019 సర్వర్ నుంచి అది మామూలుగా ఇన్‌స్టాల్ అయి రాదు. వాన్నాక్రై పాకింది ఆ దారిలోనే. స్కానర్ కోసమని ఆ తలుపు మళ్లీ తెరవకండి, మెషీన్‌కు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడండి, లేకపోతే ఈమెయిల్‌కు స్కాన్ పెట్టండి.

డాస్ కాలం నాటి బిల్లింగ్ ఇంకా నడిచే దుకాణాలు ఉన్నాయి, నవ్వుకోకండి, అవి వేగంగా నడుస్తాయి. కానీ అలాంటి 16 బిట్ ప్రోగ్రాం 64 బిట్ విండోస్ మీద నడవదు. 2008 ఆర్2 నుంచి విండోస్ సర్వర్ 64 బిట్‌లోనే వస్తుంది. అలాంటిది ఉంటే దాన్ని 32 బిట్ వర్చువల్ మెషీన్‌లో (ఒక కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టి ఇంటర్నెట్ లేకుండా నడపాలి, లేదా ఈ అవకాశంతో వదిలించుకోవాలి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ నేరుగా ఎల్‌పీటీ1కు (పాత ప్రింటర్ పోర్టు) కొడుతుంటే కొత్త సిస్టమ్‌లో ఆ పేరును షేర్డ్ ప్రింటర్‌కు కలపాల్సి వస్తుంది. ఇంకొకటి, మన దగ్గర తప్పక ఎదురయ్యేది: అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఉత్తరాలు, రేట్ల పట్టికలు. ఫైళ్లు కాపీ అవుతాయి, తెరిస్తే అడ్డదిడ్డమైన ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని గాబరా పడతారు. ఫాంట్ లేదంతే. పాత సిస్టమ్‌లోని ఫాంట్ల జాబితా కూడా నోట్‌బుక్‌లో ఉండాలి.

ఇక అన్నింటికన్నా మొండి సరుకు ఎక్సెల్. ఒక షీటు ఇంకో షీటు నుంచి, అది మూడోదాని నుంచి లెక్క తెచ్చుకుంటాయి, దారి మాత్రం పాత సర్వర్ పేరుతో గట్టిగా రాసి ఉంటుంది. దీనికి విరుగుడు తర్వాత చెప్తాను.

ఇదంతా అయ్యాక మనుషుల దగ్గర కూర్చోండి. గుమాస్తా దగ్గర ఒక పూట, స్టోర్స్‌లో ఒక పూట, కాంటా గదిలో ఒక పూట. "సర్వర్ ఏం చేస్తది?" అని అడిగితే జవాబు రాదు. "పోయినసారి సర్వర్ ఆగిపోయినప్పుడు మీకేం ఆగింది?" అని అడగండి, గంటసేపు చెప్తారు.

ఏది ఎక్కడికి

జాబితా చేతిలోకి వచ్చాక చూస్తే, అందులో మూడో వంతు అసలు ఎవరూ వాడనిదే అయి ఉంటుంది. కొట్టేయండి. మిగిలినదాన్ని ఒక్కో వరసగా చూసి ఎక్కడ పెట్టాలో రాసుకోండి. అన్నీ ఒకే చోటికి పోవాలని ఏమీ లేదు.

ఐదారు సిస్టమ్‌లు, ట్యాలీ, కొన్ని ఫైళ్లు మాత్రమే ఉన్న అడ్తి దుకాణానికి డొమైన్ (అందరి లాగిన్‌లనూ ఒకే చోట నుంచి చూసే ఏర్పాటు), సర్వర్ లైసెన్స్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక మంచి సిస్టమ్‌లో ట్యాలీ డేటా, ఫైళ్లకు ఒక చిన్న నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల) పెట్టె, బయట ఇంకో బ్యాకప్ ఉంటే చాలు. మీ దగ్గరే మెయిల్ సర్వర్ నడుపుతుంటే దాన్ని మాత్రం బయటి సర్వీసుకు ఇచ్చేయండి. సొంత మెయిల్ సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి మన ఊళ్లలోని చిన్న సంస్థల్లో ఉండడు.

క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడే సర్వర్) మంచిదా అని అందరూ అడుగుతారు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) ఉంది కాబట్టి దూరం సమస్య కాదు. చూడాల్సింది మీ అప్‌లోడ్ వేగం. 500 జీబీ డేటాను 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపితే, ఒక్క క్షణం కూడా తెగకుండా నడిస్తేనే దాదాపు 55 గంటలు పడుతుంది. రెండో ప్రశ్న: మిల్లు ముందు జేసీబీ తవ్వి ఫైబర్ తెగిన రోజు ఏం చేస్తారు? నర్సంపేట, పరకాల వైపు మిల్లుల్లో నేను పెట్టుకున్న నియమం ఒకటే. బండి నిలబడి ఉండగా జరగాల్సిన పని, అంటే కాంటా, గేట్ పాస్, బిల్లు, ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు. ఈ-వే బిల్లుకు, ఈ-ఇన్వాయిస్‌కు ఎలాగూ ఇంటర్నెట్ కావాలి, దానికి రెండో లైన్‌గా ఒక ఫోర్ జీ రూటర్ పెట్టుకోవచ్చు. బ్యాకప్, మెయిల్, బ్రాంచీలవాళ్లు చూసే రిపోర్టులు క్లౌడ్‌లో హాయిగా ఉంటాయి.

లైసెన్స్ లెక్క

విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్స్ ప్రాసెసర్ కోర్ల లెక్కన. ఒక సర్వర్‌కు కనీసం 16 కోర్లకు కొనాలి, మీ ప్రాసెసర్‌లో 8 ఉన్నా సరే. స్టాండర్డ్ లైసెన్స్‌తో ఆ డబ్బా మీద రెండు వర్చువల్ మెషీన్లు నడుపుకోవచ్చు. కొటేషన్‌లో తరచూ కనిపించనిది క్యాల్, అంటే సర్వర్‌ను వాడే ప్రతి మనిషికి లేదా ప్రతి సిస్టమ్‌కు వేరే లైసెన్స్. 2012 క్యాల్ 2022 సర్వర్‌కు చెల్లదు. రిమోట్ డెస్క్‌టాప్‌కు మళ్లీ వేరే క్యాల్ ఉంటుంది. అది కొనకుండానే 120 రోజులు నడుస్తుంది, సరిగ్గా అప్పుడే అందరూ దాన్ని మరిచిపోతారు. 121వ రోజు ఎవరూ లోపలికి ఎక్కలేరు. కొటేషన్ ఇచ్చినవాళ్లను ఈ మూడు మాటలు, కోర్లు, క్యాల్, రిమోట్ క్యాల్, విడివిడిగా రాసిమ్మనండి.

తేదీ ఎప్పుడు?

క్యాలెండర్ ముందు కూర్చుని తేదీ పెట్టేది సేటు కావాలి, సిస్టమ్ మనిషి కాదు. జిన్నింగ్ మిల్లుకైతే దసరా నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా ముట్టుకోకూడదు, జూన్ నుంచి ఆగస్టు మధ్య అనుకూలం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి నడిపేవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. విత్తనాలు, ఎరువుల డీలర్లకు సరిగ్గా తలకిందులు: తొలకరి పడే జూన్‌లో ముట్టుకుంటే రైతులు కొట్టు ముందే కూర్చుంటారు. రైస్ మిల్లులకు వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు వచ్చే రెండు సీజన్ల మధ్య సందు చూసుకోవాలి. బట్టల షాపుకు బతుకమ్మ, దసరా, పెళ్లి ముహూర్తాల నెలలు వద్దు. నర్సింగ్ హోమ్‌కు సీజన్ అంటూ ఉండదు, అక్కడ శనివారం రాత్రే దిక్కు, కాగితం మీద ఓపీ చీటీలు రాసే ఏర్పాటుతో సహా.

నెల దొరికాక నెలలో రోజు. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు జీఎస్‌టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. కాబట్టి 21 తర్వాత వచ్చే శనివారం, నెలాఖరుకు నాలుగు రోజులు మిగిలేలా. మార్చి, సెప్టెంబర్ నెలాఖరుల జోలికి పోవద్దు, మీ ఆడిటర్ కూడా ఇదే చెప్తారు. ఒక మాట, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఏసీ సరిగా లేని గదిలో పదేళ్ల హార్డ్‌డిస్కుతో రాత్రంతా కాపీ చేయించడం జూదం లాంటిది. జిన్నింగ్ మిల్లుల్లోనైతే ఫ్యాన్ల నిండా దూది పేరుకుని ఉంటుంది. పని మొదలుపెట్టే వారం ముందే మూత తీసి బ్లోయర్‌తో కొట్టించండి. అది కూడా బ్యాకప్ తీసుకున్నాకే.

బ్యాకప్, దాన్ని తిరిగి తెరిచి చూడటం

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి ఆవరణ బయట. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది చేయనిది బ్యాకప్‌ను వేరే సిస్టమ్ మీద తెరిచి చూడటం. ఎస్‌క్యూఎల్ బ్యాకప్‌ను ఇంకో చోట రిస్టోర్ చేసి చివరి బిల్లు నంబర్ చూడండి. ట్యాలీ బ్యాకప్‌ను ఇంకో ఫోల్డర్‌లో తెరిచి ట్రయల్ బ్యాలెన్స్ చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

దీంతోపాటు పాత సర్వర్ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా (డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు కాపీ) తీసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తున్న సర్వర్‌ను ఆపకుండానే వర్చువల్ డిస్క్‌గా మారుస్తుంది. రేపు పాత డబ్బా చచ్చిపోయినా దాన్ని వర్చువల్ మెషీన్లు నడిపే హైపర్-వీలో లేపవచ్చు. కానీ అసలుదీ, ఈ కాపీ రెండూ ఒకేసారి నెట్‌వర్క్‌లో లేవకూడదు. డొమైన్ కంట్రోలర్ (డొమైన్ లాగిన్‌లు చూసే సర్వర్) అయితే మరీ ప్రమాదం. కాపీకి నెట్‌వర్క్ కార్డు తీసేసి లేపండి.

కొత్తదాన్ని పక్కనే కట్టండి

పాతదాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించే దారి ఉంది, 2012 ఆర్2 నుంచి 2025కు నేరుగా వెళ్లొచ్చు కూడా. నేను ఆ దారి వద్దంటాను. మధ్యలో ఆగితే మీ చేతిలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కొత్త హార్డ్‌వేర్ మీద శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసి, రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదానిలో డొమైన్, ఇంకోదానిలో డేటాబేస్, ఫైళ్లు ఉంచితే తర్వాతి మార్పు సులువవుతుంది.

డొమైన్ ఉన్నవాళ్లకు ఒక మెలిక. 2025 సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్‌గా చేర్చాలంటే ఫంక్షనల్ లెవల్ (డొమైన్ ఏ వెర్షన్ స్థాయిలో నడుస్తుందో చెప్పేది) కనీసం 2016 ఉండాలి. 2012 ఆర్2 కంట్రోలర్ ఇంకా ఉన్న డొమైన్‌లో ఆ లెవల్ పెంచడం కుదరదు. కాబట్టి ముందు 2022ను చేర్చి, ఐదు ఎఫ్‌ఎస్‌ఎంఓ పాత్రలూ (ఒక్క కంట్రోలరే చేసే ప్రత్యేక పనులు) దానికి మార్చి, పాతదాన్ని పద్ధతిగా డీమోట్ చేసి (కంట్రోలర్ హోదా తీసేసి), ఆ తర్వాత లెవల్ పెంచాలి. నిజానికి చిన్న సంస్థకు 2022 దగ్గరే ఆగినా నష్టం లేదు. ఇంకో మెలిక, 2003 కాలం నుంచి వస్తున్న డొమైన్లలో సిస్‌వాల్ ఫోల్డర్ (కంట్రోలర్లు తమలో తాము పంచుకునేది) ఇంకా ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత పద్ధతిలో కాపీ అవుతుండొచ్చు. కొత్త కంట్రోలర్లు దాన్ని ఒప్పుకోవు. ముందే డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే కొత్త పద్ధతికి మార్చుకోవాలి.

ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పాత వెర్షన్ నుంచి కొత్తదానికి బ్యాకప్, రిస్టోర్‌తో వెళ్తుంది, వెనక్కి మాత్రం రాదు. డేటాబేస్‌తో పాటు లాగిన్‌లు, జాబ్‌లు రావు, వాటిని విడిగా తెచ్చుకోవాలి. "డేటా ఉంది, లాగిన్ కావట్లేదు" అనే టెన్షన్‌కు పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే కారణం. కంపాటిబిలిటీ లెవల్‌ను (డేటాబేస్ ఏ వెర్షన్‌లా ప్రవర్తించాలో చెప్పే సెట్టింగ్) మొదటి నెల పాతదే ఉంచండి. ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ వరకే, అందులో ఏజెంట్ ఉండదు. మీ డేటా ఇప్పటికే 8 జీబీ ఉంటే ముందే ఆలోచించండి.

ఫైళ్లకు విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ కమాండ్. పర్మిషన్లతో సహా వారం ముందు ఒకసారి మొత్తం కాపీ, తర్వాత రోజూ రాత్రి మారినవి మాత్రం. చివరి రాత్రికి మిగిలే పని కొద్ది నిమిషాలే. మిర్రర్ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త, మూలంలో లేనిదాన్ని గమ్యంలోంచి తుడిచేయడం దాని స్వభావం. మూలం, గమ్యం అటూ ఇటూ రాస్తే ఖాళీ ఫోల్డర్ వచ్చి పదేళ్ల ఫైళ్లను మింగేస్తుంది. ఎంటర్ కొట్టేముందు పక్కనున్న మనిషిని చదవమనండి.

రిహార్సల్

అసలు తేదీకి రెండు వారాల ముందు ఒక ఆదివారం పాత డేటా కాపీతో కొత్తదాన్ని నడిపి చూడండి, వేరే చిన్న స్విచ్ మీద. గుమాస్తా వచ్చి తన బిల్లు తానే కొట్టాలి, మీరు కొట్టి చూపిస్తే లెక్కలోకి రాదు. ఒక ఖాళీ బండిని కాంటా ఎక్కించండి. ఎక్కడెక్కడ ఎంత సమయం పట్టిందో నోట్‌బుక్‌లో రాయండి. ఆ అంకెలే అసలు రాత్రికి టైం టేబుల్.

మార్చే రాత్రి

శనివారం రాత్రి ఎనిమిదికి అందరూ లాగౌట్. పాతదాని నుంచి నాలుగు కాగితాలు ప్రింట్ తీయండి: ట్రయల్ బ్యాలెన్స్, స్టాక్ సారాంశం, చివరి బిల్లు నంబర్, పెద్ద పార్టీల్లో పది మంది బాకీలు. పాత షేర్డ్ ఫోల్డర్లను చదవడానికి మాత్రమే అని మార్చేయండి, అర్ధరాత్రి ఇంటి నుంచి ఎక్కే ఉత్సాహవంతులు ఉంటారు. చివరి బ్యాకప్, చివరి రోబోకాపీ, రిస్టోర్. ట్యాలీ లైసెన్స్‌ను పాత సిస్టమ్ నుంచి సరెండర్ చేసి కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి, పాతది తెరుచుకుంటున్నప్పుడే ఆ పని కావాలి. ట్యాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నుంచి ప్రైమ్‌కు కూడా ఇప్పుడే మారుతుంటే డేటా మైగ్రేషన్‌కు అదనంగా సమయం పెట్టుకోండి. నన్నడిగితే ఆ రెండూ ఒకే రాత్రి పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఎక్సెల్ విరుగుడు. ఫైల్ సర్వర్‌కు పాత పేరును అలియాస్‌గా (రెండో పేరుగా) ఇవ్వండి, పాతది ఆపాక దాని ఐపీ కూడా కొత్తదానికే ఇవ్వండి. కాంటా సాఫ్ట్‌వేర్‌లో, హాజరు యంత్రంలో, ఎవరికీ తెలియని ఇంకే మూలలోనో గట్టిగా రాసి ఉన్న నంబర్లన్నీ దీంతో సర్దుకుంటాయి.

ఆదివారం పొద్దున నాలుగు కాగితాలతో కొత్తదాన్ని సరిపోల్చండి, పైసలతో సహా. తొమ్మిదికి మనుషులు వచ్చి జాబితాలోని ఒక్కో వరుస చేసి టిక్ పెట్టాలి. మధ్యాహ్నం మూడింటికి నిర్ణయం. బిల్లు, కాంటా, ట్యాలీ మూడింటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా పాతదానికి తిరిగి వెళ్లాలి, ఇంకో నెల చూసుకోవాలి. ఈ గడువు కాగితం మీద సేటు సంతకంతో ఉండాలి, లేకపోతే "ఇంకో గంటల అయిపోతది" అంటూ సోమవారం తెల్లవారుతుంది. కొత్తదానిలో మొదటి అసలు బిల్లు పడ్డాక వెనక్కి పోవడం అంటే ఆ బిల్లులన్నీ మళ్లీ ఎక్కించడమే.

తర్వాత

సోమవారం ఆరింటికి మీరు కాంటా గదిలో ఉండండి, ఆఫీసులో కాదు. పాత సర్వర్‌ను ఆపి, నెట్‌వర్క్ కేబుల్ పీకి, అక్కడే ఉంచండి. ఒక నెలాఖరు, ఒక జీతాల రోజు, ఒక 3బీ గడిచేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. కొత్తదానిలో అప్‌డేట్లు ఏ రోజు పడాలో పెట్టండి, గడియారం సరిచూడండి, లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో రాసి ఉండే ఫైళ్లు) 180 రోజులు ఉండేలా చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌ల గడువు అదే, దాడి జరిగితే 6 గంటల్లో తెలపాలని కూడా అందులో ఉంది. మీది కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం దిద్దారో చూపే ఎడిట్ లాగ్ తప్పనిసరి. కొత్తదానిలో అది ఆన్‌లో ఉందో లేదో ఆడిటర్‌కు చూపించండి.

పాత డబ్బాను స్క్రాప్‌కు వేసేముందు ఇమేజ్ ఫైలును రెండు చోట్ల దాచండి. కంపెనీలు లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు ఉంచాలి, జీఎస్‌టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. ఐదేళ్ల తర్వాత నోటీసు వస్తే పాత బిల్లు తీసేది ఆ ఇమేజ్ నుంచే. ఇక డిస్కులు. క్విక్ ఫార్మాట్ కొడితే డేటా పోదు. పూర్తిగా ఓవర్‌రైట్ చేయండి, చెడిపోయి ఓవర్‌రైట్ కాని డిస్కుకు డ్రిల్లింగ్ మెషీన్‌తో నాలుగు బొక్కలు కొట్టించండి, మిల్లు వర్క్‌షాపులో అది రెండు నిమిషాల పని. మిగిలిన డబ్బాను గల్లీలో తిరిగే పాత సామాన్ల బండికి కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ సంస్థకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ రసీదును నోట్‌బుక్ చివరి పేజీకి పిన్ చేయండి.